వడ్రంగి బాకీ

వేట నిషేధం రోజుల్లో వచ్చాడు.
బోట్లన్నీ ఒడ్డుకెక్కి
పొట్టలు చూపిస్తూ పక్కకి ఒరిగిన ఏప్రిల్లో,
భుజాన గోనెసంచి, అందులో బాడిస, చిత్రిక,
చెవి మీద ముక్కు అరిగిన పెన్సిలు.

హార్బరు ఐసు ఫ్యాక్టరీలో పద్దులు రాస్తాను నేను.
కూలీల పుస్తకమూ నాదే.
పేరు? అన్నాను.
ఏసు.
జ్ఞానాపురం ఆటో స్టాండులో ఆ పేరు పిలిస్తే
నలుగురు వెనక్కి తిరుగుతారు. రాసుకున్నాను.
తండ్రి పేరు?
కాసేపు డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూసి
"యోసేపు అని రాయండి" అన్నాడు.
ఆ "అని రాయండి" మాత్రం
ఎందుకో గడిలో పట్టలేదు.

మంచి పనివాడు. అంతే.
బోటు అడుగు చెక్కకి చెవి ఆనించి
లోపల తొలిచే పురుగుని వినేవాడు.
తెడ్డు పరశన్న బోటు పగుళ్ళలో దూది దట్టించి
కూలి తర్వాత ఇమ్మన్నాడు.
తర్వాత అంటే ఎప్పుడో
పరశన్న అడగలేదు, అతనూ చెప్పలేదు.
దోమ కుడితే కొట్టేవాడు.
టీలో పంచదార మరో చెంచా అడిగేవాడు.
పోర్టు బొగ్గుపొడి అందరి చొక్కాల మీద పడ్డట్టే
అతని చొక్కా మీదా పడేది.
ఉతికితే పోయేది కాదు.

ఒక మధ్యాహ్నం, రొయ్యలొలిచే షెడ్డులో
సగంమందికి అన్నాల్లేవు.
అతను తన క్యారేజీ విప్పి మధ్యలో పెట్టి
ఊరికే కూచున్నాడు.
ఇంకో మూత తెరుచుకుంది. ఇంకొకటి.
అద్భుతమేం కాదు, లెక్కలవాణ్ణి, లెక్కపెట్టాను:
పద్నాలుగు క్యారేజీలు, ఇరవైరెండుమంది,
ఒక మూతకి అంటుకుని
కాస్త గోంగూర మిగిలింది.

జూన్‌లో వేట మొదలైంది.
సూరాడ చిట్టెమ్మ గంపలో వంజరం
గట్టు మీదినుంచి వేలం షెడ్డుకి వచ్చేలోపు
రోజూ రెండు కిలోలు చిక్కిపోయేది.
అతను కాటా కింద చెయ్యి పెట్టి
అయస్కాంతం పీకి చూపించాడు.
తర్వాత బల్ల తిరగేశాడు.
అతను అరవగా విన్నది ఆ ఒక్కరోజే.
చిల్లర దొర్లింది, చేపలు జారాయి,
నేను లెక్కరాసి పంపిన ఐసు
అందరి చెప్పుల కింద కరకరలాడింది.

సాయంత్రం ఎస్సై వచ్చాడు. "మీ మనిషేనా?"
రోజుకూలీ సార్, నాకు తెలీదు.
రాత్రి ఫోనులో మా యజమాని.
పరిచయం లేదండీ.
తెల్లారగట్ల స్టేషను మెట్ల మీద చిట్టెమ్మ:
"ఆడితో రోజూ టీ తాగీవోడివి నువ్వే కదేటి బాబూ?"
"నానెరగను."

పదేళ్ళుగా అణిచిపెట్టుకున్న మా ఊరి యాస
సరిగ్గా అబద్ధానికే అక్కరకొచ్చింది.
అప్పుడే షిప్‌యార్డు సైరను మోగింది.
పొద్దుటి షిఫ్టుది. రోజూ మోగేదే.
మెట్ల మీద కూలబడి
గ్రీజు వాసనేసే చేతిరుమాల్లో ముఖం దాచుకున్నాను.

మూడోనాడు వదిలారు.
కింది పెదవి వాచింది. కుడిచేతి వేళ్ళకి కట్టు,
వడ్రంగి చేతికి.
తిరగేసిన చేపల ట్రే మీద కూచుని
రెండు టీలు చెప్పాడు.
"నా లెక్కలో ఎన్ని రోజులున్నాయండీ?"
పుస్తకం తెరిచాను.
ఆ పేజీ లేదు. ఫోను పెట్టేశాక చింపేశాను.

కుట్టు దగ్గర మిగిలిన కాగితపు అంచుని
ఎడమచేతి బొటనవేలితో నిమిరాడు,
పలక నునుపు చూసే అలవాటుతో.
"గరుగ్గా ఉంది" అన్నాడు.
కాసేపాగి,
"రేపు పరశన్న బోటు నీళ్ళలో దింపుతున్నాం.
ఒక చెయ్యి తక్కువైంది. వస్తారా?"

ఆ రోజు పద్దులో ఇలా ఉంది:
టీ రెండు, ఇరవై రూపాయలు.
ఎవరిచ్చారో రాయలేదు.