పెన్సిళ్ళు మాత్రమే

రాత్రి డ్యూటీ దిగి, యూనిఫాం సంచిలో కుక్కి
సౌత్ఎండ్ నుంచి మొదటి రైలుకి వచ్చాను.
లండన్ లైబ్రరీ గుమ్మంలో
కోటు లాకర్లో పెట్టమన్నారు, పెన్ను పెట్టమన్నారు,
నోట్లో లవంగం కూడా ఉమ్మి రమ్మన్నారు.
లోపలికి పెన్సిలొక్కటే వెళుతుంది.

బల్ల నంబరు యాభై మూడు.
స్పాంజి దిండ్ల మీద పుస్తకాన్ని పడుకోబెట్టారు,
మా కేర్ హోంలో మిసెస్ ప్రిచర్డ్‌ని
వీపు పుళ్ళు పడకుండా నేను ఒత్తిగిలి పడుకోబెట్టినట్టు.
పేజీ లేవకుండా పైన సీసపు గుళ్ళ పాము.

వెతుకుతున్నది మా ముత్తవ్వ తల్లిని.
అసిరమ్మ. భీమిలి.
దొర పిల్లల్ని ఎత్తుకోడానికి ఓడెక్కిన ఆయా.
ఇంట్లో ఆమె గురించి మిగిలింది ఒక్క వాక్యం:
"పాలు మానని పిల్లనొదిలి, వెండి కడియాలు పట్టుకుని పోయింది."
నాలుగు తరాలుగా దానికే తిరగమోత పెట్టుకున్నాం.
ఏ ఆడపిల్ల ఎదురు మాట్లాడినా
"అసిరమ్మ పోలికే" అనేవారు.
నేను నర్సింగులో చేరినప్పుడూ అన్నారు.

మొదటి మూడు నెలలు ఆమె ఎక్కడా లేదు.
ఓడ జాబితాలో దొరసానికి పేరుంది,
పిల్లలిద్దరికీ ఉంది,
కుక్కకీ ఉంది, బ్రూనో.
ఆ కింద: ఆయా, ఒకటి.

నాలుగో నెలలో ఓ గుమాస్తా చేతిరాతలో దొరికింది.
సారా, ఆయా, వయసు ఇరవై ప్రాంతం, ఊరు బిమ్లిపటాం.
నవ్వొచ్చింది, గదిలో తలలు లేచేంత.
అసిరమ్మకి అటూ ఇటూ ఉన్న అక్షరాలు ఉప్పునీళ్ళు తినేశాయి,
మిగిలింది సారా.
మా ఇంట్లో ఆ మాట తాతయ్యని తిట్టడానికే వాడేవాళ్ళం.

కాగితం ఒక అర్జీ. ఆమె చెప్పింది, ఎవరో ఇంగ్లీషులో రాశారు,
కింద ఇంటూ గుర్తు. పంతొమ్మిది వందల మూడు, మార్చి.
తీసుకొచ్చిన దొరసాని తిరుగు టికెట్టు ఇవ్వలేదు.
నాకు ఊళ్ళో పిల్ల ఉంది. దవడ పళ్ళు వచ్చే వేళ.
ఏ ఓడైనా సరే. జీతం వద్దు.
అంచున ఎర్ర సిరాతో ఇంకో చెయ్యి అడ్డంగా:
ఈ శాఖకు సంబంధం లేదు.

మళ్ళీ జూన్‌లో. మళ్ళీ అక్టోబర్లో.
అర్జీ అర్జీకీ పిల్ల వయసు పెరిగింది,
సారా కాస్తా సేరా అయింది, సేరమా అయింది,
ఇంటూ మాత్రం మారలేదు, కుడికాలు కాస్త పొడుగు.
మందుల చార్టులో నేనూ అలాగే వేస్తానని
రాసుకోబోయాను. అబద్ధం.
నేను టిక్కు పెడతాను.

నాలుగో అర్జీ లేదు.
టికెట్టే దొరికిందో, ఆమే దొరక్కుండా పోయిందో.
తర్వాతి పేజీ నుంచి జనుము ఎగుమతి లెక్కలు.

తేదీలు ఎక్కించుకుంటుంటే మొన విరిగింది.
పక్క బల్ల ముసలాయన, ఏదో పటాలంలో తాతని వెతుకుతున్నాడు,
తలెత్తకుండానే తన పెన్సిల్ ఇటు జరిపాడు.

బయట మెట్ల మీంచి పెద్దమ్మకి ఫోన్ చేశాను.
అక్కడ సాయంత్రం, కుక్కర్ కూతలు.
మూడు అర్జీలూ మళ్ళీ తెలుగులోకి తెచ్చి చదివాను.
"వదిలి పోలేదే పెద్దమ్మా. రానివ్వలేదు."
కాసేపు కుక్కరే మాట్లాడింది.
ఆ తర్వాత గొంతు సవరించుకుని,
"సర్లే గానీ, మరా కడియాలేటైపోనాయో
రాసినారేటే?"

లేదన్నాను.

"సరిగ్గా సూడు. రాసే ఉంటారు.
అన్నేసి కాయితాలు దాసినోళ్ళు."

లోపలికొచ్చి కొత్త చీటీ తీసుకున్నాను.
ఏం కావాలి అన్నచోట
తాకట్టు దుకాణాల పద్దులు, తూర్పు లండన్ అని రాశాను.
ఎవరి గురించి అన్నచోట
ఎస్ రాసి ఆగిపోయాను.
రబ్బరు ఇక్కడికి తేనివ్వరు.
కొట్టేసి, పక్కన ఇరుకులో, తెలుగులో రాశాను.

చీటీ అందుకున్న అమ్మాయి అటూ ఇటూ తిప్పి
ఎలా పలకాలని అడిగింది.
చెప్పాను.
పద్దులంటూ ఉంటే
గంటా పది నిమిషాలు పడుతుందంది.