పాలపన్ను కాదు

ఫహాహీల్ సిగ్నల్ దగ్గర బస్సుకి సడన్ బ్రేకు.
ముందు సీటు కమ్మీకి యాసీన్ మూతి.
నెత్తురు. డ్రైవరు నోట మలయాళం.

సీటు కింద దొరికింది పన్ను,
వలిచిన వెల్లుల్లి రెబ్బలా, వేరుతో సహా.

పాలపన్నయితే
పేడలో చుట్టి మిద్దె మీదికి విసరమందును,
రాయచోటిలో మా పిల్లలకి చెప్పినట్టే.
వీడికి తొమ్మిదేళ్లు.
ఇది పోతే మళ్లీ మొలవదు.

వేరు ముట్టుకోలేదు, కొంగుతో తుడవలేదు.
బడి నర్సు ఒకసారి తిట్టింది, గుర్తుంది.

బకాలావాడు లబన్ తీశాడు.
మజ్జిగ కాదు నాయనా,
హలీబ్! హలీబ్!

అరగంటలో
డాక్టరు దాన్ని గూట్లో దించి
పక్క పళ్లకి తీగతో కట్టాడు.
నిలుస్తుందా అంటే
చూద్దాం అన్నాడు.

యాసీన్ వాచిన మూతితో
డబ్బా చూపించాడు:
ఆ పాలు ఎవరు తాగాలి?