మూతలో చిల్లు

సరిగ్గా బేసిన్ బ్రిడ్జి ఎక్కాకే ఆగుతుంది.
ముందొక దగ్గు, తర్వాత ఇంకొకటి,
ఆ తర్వాత వంతెన నడినెత్తిన
నేనూ, ఐసు డబ్బాలో పదకొండు మంది నెత్తురూ.

ట్యాంకీ ఊపితే గలగలమంటుంది, పెట్రోలుకేం తక్కువ లేదు.
వ్యాసర్పాడిలో ఒకాయన ప్లగ్గు మార్చాడు,
కార్బురేటరు విప్పి కడిగాడు,
ఆరువందలు జేబులో పెట్టుకుని "సూపరా ఓడుం" అన్నాడు.
ఓడుం అంటే వాళ్లకి పరిగెడుతుందని.
తొమ్మిదో కిలోమీటరు దగ్గర
అది మన భాషలో ఓడింది.

పుదుపేటలో దైవసిగామణి ఏదీ విప్పలేదు.
నన్ను వెనక కూర్చోబెట్టుకుని
బండి చచ్చేదాకా నడిపాడు.
చచ్చాక దిగి, ట్యాంకీ మీద చెవి ఆనించి,
తాళం తిప్పి మూత లేపాడు.
ఉస్స్...
నీళ్లలోంచి తల పైకెత్తిన పిల్లాడిలా
గాలి మింగింది.
ఒక్క కిక్కుకే లేచింది.

"జబ్బేం లేదు సిస్టర్, ఊపిరాడక.
పెట్రోలు కిందికి దిగాలంటే
అది ఖాళీ చేసిన చోటికి పైనుంచి గాలి రావాలి.
మూతలో ఆవగింజంత దారి ఉంటుంది, చూడు, మూసుకుపోయింది."
మూసింది నేనే.
ప్రతి ఆదివారం మెరవాలని రుద్దిన పాలిష్ మైనం.

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.
నా ఉద్యోగమే అది కదా!
నేను మోసే ప్రతి గాజు గొట్టంలోనూ
కంపెనీవాడు బిగించి పంపిన ఖాళీ ఉంటుంది.
సూది నరంలో దిగగానే
నెత్తుర్ని లాగేది నేను కాదు, ఆ ఖాళీ.
రోజుకి అరవై సార్లు దాని బలం చూస్తూ
నా తొడల మధ్య ట్యాంకీలో గుర్తుపట్టలేదు.

సంచిలోంచి కొత్త సూది తీసిచ్చాను.
పొడిచి తిప్పితే
నల్లటి మైనం పురుగులా బయటికొచ్చింది.
"బ్లడ్డు రాలేదే" అన్నాడు, సూది వెలుతురుకి పట్టి.

కథ అక్కడైపోతే బాగుండేది.
మర్నాడు తెల్లారేసరికి
మెట్ల కింద పెట్రోలు కంపు.
కుముదవల్లి ఆంటీ పొయ్యి వెలిగించకుండా
గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఇసుక బకెట్టు.
నేల మీద రూపాయంత తడి.
ఇన్నేళ్లలో ఒక్క చుక్క కారిన బండి కాదు.

ట్యాప్ తడిమాను, పొడిగా ఉంది. పైపూ అంతే.
ముఖానికి రాసుకునే పౌడరు తెచ్చి
ట్యాంకీ అడుగంతా చల్లి, గోడకానుకుని కూర్చున్నాను.
వెనక అతుకు దగ్గర
తెల్లటి పౌడరులో సన్నటి తడి గీత, వెంట్రుకంత.

"అది పాతదే," ఫోనులో సిగామణి.
"ఇన్నాళ్లూ బండి లోపలికి పీల్చుకుంటూ ఉంది కదా,
బయటికెట్లా కారుద్ది?
ఇప్పుడు ఊపిరొచ్చింది, ఉన్నది చూపిస్తోంది."

మా అమ్మమ్మ కారే కుండని ఓటి కుండ అనేది.
పాలు ఓడుతున్నాయే, చూడు, అనేది.
అరవంలో పరుగు, మాలో ఓటమి, అమ్మమ్మ దగ్గర కారడం,
మూడూ ఒక్క బండికే పట్టాయి.

బట్టల సబ్బు. తడపకుండా, ఎండుదే,
అతుకు మీద గట్టిగా రుద్దమన్నాడు.
ఆదివారం దాకా ఆగుతుందట.
అప్పుడు మొత్తం వంచేసి, కడిగి,
నిండా నీళ్లు పోశాక గానీ మంట దగ్గరికి తేనన్నాడు.
"నిండిన ట్యాంకీ పేలదు సిస్టర్. పేలేది ఖాళీదే."

ఈవేళ వంతెన దాటాను.
పదో కిలోమీటరూ దాటాను.
కొండితోపులో పెద్దాయన చొక్కా చెయ్యి మడుస్తూ
వాసన పట్టాడు: సబ్బు, పెట్రోలు, స్పిరిట్.
"నువ్వు నర్సువా, మెకానిక్కువా?"

బిగించిన పిడికిలితో పాటు శ్వాసా బిగపట్టాడు.
వదలండి, అన్నాను.
గొట్టం తనంతట తానే నిండుతోంది.
లేబుల్ మీద పేరు రాసి
వయసెంత, అన్నాను.