పదిహేనో రోజు

ఇది ఒకప్పుడు రైల్వే స్టేషను.
సూట్‌కేసుల మీద తలలు ఆన్చి పిల్లలు నిద్రపోయిన చోట
ఇప్పుడు ఎర్ర తివాచీ, పెద్దల సభ.
ఆటవా చలి మాత్రం టికెట్టు లేకుండా
ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది.

మధ్యాహ్నం రెండింటికి నేను లేచి చదువుతాను.
ప్రభుత్వ బిల్లులు ముందు, సభ్యుల బిల్లులు తర్వాత,
అన్నిటికన్నా అడుగున
ఎవరూ ఓటు వెయ్యనక్కర్లేని ప్రస్తావనలు.
నంబరు చదవగానే ఏదో ఒక బెంచీ నుంచి
"నిలిపి ఉంచండి."
ఇంకో నంబరు.
"నిలిపి ఉంచండి."
నిలబడకుండా అనే మాట అది.
రోజుకు నలభైసార్లు వింటాను.
గది సర్దుకోవే అంటే మా అమ్మాయి కూడా
మంచం మీంచి లేవకుండా అదే అంటుంది.

మౌనం అర్ధాంగీకారం అంటారు,
ఇక్కడ కాదు.
వరసగా పదిహేను సభాదినాలు ఎవరూ నోరు విప్పకపోతే
అంశం కాగితం మీంచి రాలిపోతుంది.
చంపినవాళ్ళుండరు, ఓట్ల లెక్క ఉండదు.
మర్నాడు ఇరవయ్యారు తర్వాత ఇరవయ్యెనిమిది ఉంటుంది,
అంతే.
అందుకే ప్రతి నంబరు పక్కనా
పెన్సిల్‌తో రోజులు రాసుకుంటాను.

ఇరవయ్యేడు, సెనేటర్ ఆంబ్రోజ్ కీపింగ్‌ది.
న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరాన పిన్నర్స్ టికిల్ అనే ఊరు,
పదకొండు ఇళ్ళు, ఆగిపోయిన ఫెర్రీ.
ఆయనకు దక్కింది పదిహేను నిమిషాలు.
వాటిని మూడేళ్ళు తిన్నాడు,
సముద్రంలో ఎండురొట్టె కొరుక్కు తిన్నట్టు.
పద్నాలుగో రోజుదాకా ఆగి, లేచి, ఒక్క నిమిషం,
మిగతాది నా పేరిట వాయిదా వెయ్యండి అని కూర్చునేవాడు.
ఒకసారి మిసెస్ స్ట్రిక్‌లాండ్ ఇన్సులిన్ గురించి.
ఒకసారి పాఠశాలలో మిగిలిన ఒకే ఒక్క కుర్రాడి గురించి.
ఒకసారి ఏమీ లేదు,
"అక్కడ ఇవాళ గాలి వాయవ్యం నుంచి, అధ్యక్షా" అన్నాడు.

ఎదురు బెంచీలో దార్కా హ్రింకివ్, సస్కాచెవాన్ గోధుమల మనిషి.
"పదకొండు ఇళ్ళకి ఓడా!" అనేది ప్రతిసారీ,
మైకుకి అందేంత గట్టిగా,
తిట్టు కానంత మెల్లిగా.

డెబ్బై అయిదు నిండిన రోజున ఇక్కడ కుర్చీ వదలాలి.
ఫిబ్రవరిలో కీపింగ్ నా బల్ల దగ్గరకొచ్చాడు.
"ఎన్నో రోజు?"
"నాలుగు."
"బోలెడుంది" అని టోపీ పెట్టుకున్నాడు.

తొమ్మిది. పన్నెండు. పద్నాలుగు.
సభలో అన్నీ పైకి చదివేది నేనే,
ఒక్క మాటా నాది కాదు.

ఏప్రిల్, గురువారం. బయట కాలవ మీద మంచు బీటలిచ్చింది.
అందరి జేబుల్లోనూ విమానం టికెట్లు,
అందరి చూపూ గడియారం మీద.
"నంబరు ఇరవయ్యేడు" అన్నాను.
"నిలిపి ఉంచండి" అంది ఒక గొంతు, ఆవలింతలోంచి.
తర్వాతి నంబరు చదవాలి.
నీళ్ళ గ్లాసు అందుకున్నాను.
దాహం లేదు.
నిదానంగా తాగాను.
గుటకల సంగతి నియమావళిలో లేదు.
అధ్యక్షురాలు నావైపు చూసింది, చూడనట్టు
గ్లాసు అడుగుదాకా వెళ్ళాను.

అప్పుడు కిర్రుమంది ఒక కుర్చీ.
హ్రింకివ్.
"ఆ పెద్దమనిషికి నా జవాబు ఇంకా పూర్తి కాలేదు.
ఆయన తప్పని నిరూపించడానికి నాకు టైం కావాలి.
వాయిదా నా పేరిట."
అభ్యంతరాలు? లేవు.
పదిహేను చెరిపేశాను. రబ్బరు పొట్టు
ఇరవయ్యెనిమిది మీద పడితే ఊదాను.

సాయంత్రం కోట్ల గదిలో ఒక చెయ్యి తొడుక్కుంటూ అడిగింది,
"ఆ ఊరికి వెళ్ళడం ఎలా?"
"ఫెర్రీ లేదండీ."
"అది తెలుసులే" అంది విసుగ్గా,
రెండో చెయ్యి కోసం వెతుక్కుంటూ.