చెక్కుబందీ

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల కింద
ఇరవై రెండేళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను.
తూర్పు: ఫలానా వారి మాగాణి. పడమర: పంటకాలువ.
ఎవరి నేల ఎంతవరకో నన్నడిగితే చెబుతాను.
నా నడుం ఎంతవరకో
నిన్నటిదాకా ఎవరూ అడగలేదు.

కావలి ట్రంకు రోడ్డులో, మందుల షాపు మేడ మీద
కొత్తగా పెట్టిన జిమ్ములో
గోడకు మూడు బొమ్మలు.
వెదురుబద్ద లాంటివాడొకడు,
రోకలి లాంటివాడొకడు,
మూడోది గుండ్రంగా. దానికి ముఖం కూడా సరిగ్గా గీయలేదు.
"మీ మణికట్టు మీ వేళ్ళతో చుట్టండి మేడం" అన్నాడు సుదీప్,
మీసం ఇంకా ఆలోచనలోనే ఉన్న పిల్లాడు.
బొటనవేలూ నడిమివేలూ
ఒకదాన్నొకటి చూసుకున్నాయి గాని కలుసుకోలేదు.
"ఎండోమార్ఫ్" అన్నాడు.
రొయ్యల గుంటలో చల్లే మందు పేరులా ఉందది.
కాగితం ఇచ్చాడు: అన్నం సగం, గుడ్డులో తెల్లది,
మూడు రోజులు బరువులు, తక్కిన రోజులు నడక.
అంతా మంచిదే. నా పేరు మాత్రం
తప్పు రాశాడు.

సాయంత్రం ముసునూరు రోడ్డులో మస్తాన్‌బీ దగ్గరికి పోయాను,
రెండు జాకెట్లు వదులు చేయించుకోవాలని.
ఆమె నోటుబుక్కుకు అట్ట ఎప్పుడో ఊడింది,
సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి ఉంచింది.
నా పేరు కింద పద్నాలుగు వరసలు.

"నీకు ముందు చేతులు లావెక్కుతాయి మే.
ఆనక వీపు. నడుము ఆఖర్న.
తగ్గేటప్పుడు మాత్రం మొహం ముందు తగ్గుద్ది.
ఏమైంది ఏమైంది అంటారు జనం,
నువ్వు బెదిరిపోయి మళ్ళా తింటావు."

వేలు పెట్టి చూపించింది.
ముప్పైనాలుగు: కాన్పుకి ముందు.
ముప్పైతొమ్మిది: మా ఆయన లారీ దిగుతూ కాలు విరగ్గొట్టుకున్న ఏడు,
ఆయన వద్దన్న ముద్దలన్నీ నేను తిన్న ఏడు.
ఒక వరసలో అంకెల్లేవు, ఉత్త గీత.
"ఆ ఏడు నువ్వు రాలా" అంది.
రాలేదు.
ఎందుకో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.
మిషను కాసేపు తిరిగింది.

"మీ అవ్వదీ ఇదే ఒళ్ళు. ఆమె రవికలు మా అమ్మ కుట్టేది."
జలదంకి అవ్వ. ఇంతేసి మణికట్లు.
గాజులు ఎక్కించేటప్పుడు శెట్టి చెమటలు కక్కేవాడట.
గిన్నెడు మొలగొలుకుల అన్నం, నిన్నటి చేపల పులుసు,
తిని మడిలో దిగితే
పొద్దు వాలిందాకా నడుం ఎత్తేది కాదట.
ఎముక అదే.
ఆమెకు మడి దొరికింది, నాకు కుర్చీ.

మస్తాన్‌బీ కుట్టు విప్పింది.
లోపల రెండంగుళాల గుడ్డ, మడిచిపెట్టినది, ఇంకా కొత్త రంగు.
"ఎప్పుడూ వదిలే ఉంచుతా. లావెక్కినా నీదే,
తగ్గినా నీదే."
కొత్త కొలత పెన్సిలుతో రాసింది.
పెన్నుతో రాయొచ్చు గదా అన్నాను.
"ఒళ్ళు మాట మీద నిలబడదు మే."
మా పనిలో అట్లా కుదరదు. అక్షరం తప్పినా
సవరణ దస్తావేజు కావాలి, దానికి మళ్ళీ స్టాంపులు.

పొద్దున కాలేజీ గ్రౌండులో మూడు చుట్లు తిరిగాను.
నాలుగోది మోకాలు ఒప్పుకోలేదు.
ఇంటికొచ్చి, తుమ్మలపెంట నించి వచ్చిన వంజరం
పులుసు పెట్టాను. అన్నం సగం కాదు,
ముప్పాతిక.
సుదీప్‌కి నిజమే చెబుతాను.

పదకొండింటికి రేకుల కింద, పార్టీలు ఇంకా రాలేదు.
పాడైన కాగితం ఒకటి తిరగేసి
నాది నేను రాసుకోబోయాను.
తూర్పు: జలదంకి అవ్వ ఎముకలు.
పడమర: ఈ కుర్చీ.
ఉత్తరం: మస్తాన్‌బీ వదిలిన రెండంగుళాలు.
దక్షిణం

"అమ్మా, మా స్థలం రాయాల" అంటా
ఎవరో సంచీ విప్పుతున్నారు.