తూకం రాసేవాడు

ఉండి రోడ్డు మీద షెడ్డులో
రొయ్య తలలు తుంచే చేతులకు లెక్క రాస్తాను.
కిలోకి ఇంత. పేరుకెదురుగా గీత.

మొన్న, మనకి తెల్లారుతుంటే
పొద్దుగూకే దేశంలో ఎవరో సంతకం పెట్టారట.
మధ్యాహ్నం ట్రేలు దించేలోపు
నలభై కౌంటు అరవై రూపాయలు పడింది.
గట్టు అవతల ఏరియేటర్లు
ఏమీ విననట్టు నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి.

"సంతకానికి అంత బరువుంటదా బాబూ?"
అంది సువార్తమ్మ.
ఆ చెరువు ఒకప్పుడు తను ఊడ్చిన చేనే.
ఇప్పుడు బోరు కొడితే ఉప్పు;
కూలిలోంచి ఇరవై తీసి టిన్ను నీళ్ళు.

ఐసులో నాని నాని
ఆమె వేళ్ళ మీద గీతలు పోయాయి.
రేషను మిషను నాలుగుసార్లు చూసి
నువ్వు నువ్వు కాదంది.
ఓట్ల నాడు మాత్రం
సిరా ఇట్టే పట్టింది. కారొచ్చి తీసుకెళ్ళింది కూడా.

రాత్రి టీవీలో రెండు జెండాలూ
గొంతులు చించుకున్నాయి,
తప్పు నీదంటే నీదని.
జీపు దిగి మా ఓనరు నాతో అన్నది ఒక్క మాటే:
"కిలోకి రూపాయిన్నర తగ్గించి రాయి."

రాశాను.

శనివారం పట్టీ మీద
సువార్తమ్మ బొటనవేలు ఒత్తింది.
నున్నటి నీలి మరక, చేప పొలుసంత.
అంకె కేసి చూడలేదు. నాకేసి చూసింది.

ఇంటికొచ్చి చెయ్యి కడుక్కున్నాను, సబ్బుతో, రెండుసార్లు.
నీచు వాసన నాకెక్కడిది,
నేను రొయ్యని ముట్టుకోను కదా.
లైటు కింద వేళ్ళు తిప్పి చూసుకున్నాను:
గీతలన్నీ ఉన్నాయి.