ముగ్గురు చాలు

ఆదోని మార్కెట్ యార్డులో, తూకాల షెడ్డు వెనక
హమాలీ సంఘం గది.
బల్ల కింద నాలుగిటుకల మీద పాత కంప్యూటరు.
దాని ఫ్యాను నిండా దూదే,
నెలకోసారి పళ్లు తోమే బ్రష్షుతో గీకి తీస్తాను.

సావుకార్ల చేతికి మన లెక్కలు పోగూడదని
మేస్త్రీ ఉరుకుందప్ప పట్టుబట్టి ఇక్కడే పెట్టించినాడు.
ఎవరెన్ని బోరాలు మోసినారు, ఎవరికెంత రావాల,
అంతా ఈ డబ్బాలోనే.
మబ్బుల్లో దాచుకోవచ్చంట కదా అని ఎవరో అంటే
మబ్బుల్ని నమ్మి ఈ సీమలో ఎవడు బాగుపడినాడప్పా అన్నాడు.

నాలుగున్నరకు వేలం ముగుస్తుంది.
నాలుగునూర్ల మంది ఒక్కసారే ఫోన్లు తీస్తారు.
చెమట వేలికి అద్దం పలకదు,
లుంగీకి తుడుచుకుని మళ్లీ నొక్కుతారు.
తెల్లటి చక్రం తిరుగుతానే ఉంటుంది.

మొదట్లో వర్కరు ఒక్కటే.
అది ఒకరికి లెక్క చెప్పేదాకా
మిగతావాళ్లంతా గేటు బయట బండ్ల వరస.
సరేనని ఇరవై పెట్టినాను.
ఒక అంకె మార్చడమే కదా,
ఇవేమన్నా కూలి అడుగుతాయా.

ఆ సాయంత్రం
నీళ్లెండిన బోరు గాలి కక్కినట్టు మూలిగింది డబ్బా.
డిస్కు గరగర. బాణం గుర్తు కదలదు.
ఇరవై మందీ మేలుకొనే ఉన్నారు,
పని మాత్రం ఒక్కరూ చేయలేదు.

ఉరుకుందప్ప గడపలో నిలబడి బీడీ ఆర్పినాడు.
"లారీ డాలా వెడల్పెంత?"
ఏడడుగులుంటుందేమో.
"దాంట్లో ఎంతమంది నిలబడితే బోరా లోపలికి పోతాది?"
తెలీదన్నాను.
"ముగ్గురు. నాలుగోవాడు ఎక్కితే మోకాళ్లు తగుల్తాయి.
ఇరవై మందిని ఎక్కిస్తే అది జాతర."

రాత్రి కూర్చున్నాను. కోర్లు రెండు.
రెట్టింపు చేసి ఒకటి కలుపుకో అంటుంది పుస్తకం. అయిదు.
కానీ ఒక్కో వర్కరు ఆరునూర్ల ఎంబీ మింగుతుంది,
డేటాబేసు తన పాలు ముందే తీసి పెట్టుకుంటుంది,
ఉన్నదంతా నాలుగు జీబీ.
పుస్తకం రాసినాయన మా డబ్బాను చూడలేదు.
మూడు అని కొట్టినాను.

కింద ఇంకా వరసలున్నాయి.
పైకే చదివినాను:
వెయ్యి పనులు చేసినాక ఒక్కొక్కటీ దిగిపోవాల,
ఒంట్లో పేరుకున్నదంతా వదిలేసి కొత్తగా పుట్టాల.
ముప్పై సెకన్లు పలక్కపోతే
దాన్ని చంపి, ఆ చోట ఇంకొకటి నిలబెట్టాల.

"అట్ల సంపినదాని కూలి ఎవరికిస్తావు?"

నవ్వినాను. ఆయన నవ్వలేదు.

మొన్న మే నెల, నాలుగో షెడ్డు.
బిల్ల నంబరు నూటపదిహేడు, తిక్కయ్య.
బోరా కింద పడినోడు మళ్లా పలకలేదు.
పక్కకు తెచ్చి నీళ్లు చల్లుతుండగానే
ఆ వరసలో ఇంకొకడు నిలబడినాడు.
లారీ టైముకు కదలాల కదా.
ఆ రోజుకు పదకొండని రాయించినాడు సావుకారు.
పన్నెండోది డాలా దాకా చేరలేదు గాబట్టి
మోసినట్టు కాదంట.

"ఆ లెక్క నీ డబ్బాలో ఎట్లుంది?"
తీసి చూసినాను. పదకొండు.
"దిద్దు."

దిద్దినాను.
ముప్పై సెకన్ల వరసను తాకకుండానే సేవ్ చేసినాను,
అది లేకుంటే డబ్బా నిలవదు, నాకు తెలుసు.
ఆయన అటు తిరిగి అగ్గిపెట్టె వెతుక్కున్నాడు.

మరుసటి రోజు నాలుగున్నర.
ఫ్యాను సన్నగా తిరుగుతోంది.
లాగులో వరసలు పరుగెత్తుతున్నాయి,
అర సెకను, అర సెకను, అర సెకను.
మధ్యలో నూటపదిహేడు.
ఆయన భార్య సుంకులమ్మ, ఆయన ఫోను నుంచే.
పేజీ తెరిచింది. మళ్లీ తెరిచింది. ఇంకోసారి.

మూడుసార్లూ వేరే వేరే వర్కరు పలికింది.
ముగ్గురూ ఒకటే చెప్పినారు,
పన్నెండు.